మేకకు మార్కులెన్ని?

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో పదిమంది మహా ఆటగాళ్లను ఏరి, ఒకటి నుంచి పది దాకా వరస పెట్టి, శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా పంపమని ఒక ఆదివారం అనుబంధం నుంచి ఫోనొచ్చింది. పదిమందికీ కలిపి ఆరువందల మాటలు. "గోట్ లిస్ట్ సార్. జనం ఎగబడి చదువుతారు" అన్నాడు సబ్‌ఎడిటర్ కుర్రాడు. నేను పుట్టి పెరిగిన గల్లీలో గోట్ అంటే తెల్లారగట్ల పాయాగా ఉడికేది. ఆ మాటే అన్నాను. అతను నవ్వలేదు. అన్ని కాలాల్లోనూ అందరికన్నా గొప్పవాణ్ని ఇంగ్లిషువాళ్లు పొట్టిగా అలా అంటారని నాకు పాఠం చెప్పాడు. పోయిన వారం బిర్యానీ హోటళ్లకు ర్యాంకులిచ్చారట, అంతకు ముందు వారం ఐటమ్ సాంగులకు. ఈ వారం వంతు ఫుట్‌బాల్‌ది. సరేనన్నాను. పారితోషికం ఎంతో అడగలేదు. అడిగితే నా ర్యాంకు నాకు తెలిసిపోతుంది.

"ఇంతకీ ఏ జట్టు బాబూ?"

"అదేంటి సార్, ఐఎస్ఎల్ జట్టే. పసుపు జెర్సీ."

ఇండియన్ సూపర్ లీగ్‌లోని ఆ పసుపు జెర్సీ జట్టు 2019లో పుట్టింది. పుట్టిందనడం మర్యాద కోసం. పుణెలో ఖాళీ అయిన క్లబ్బు జాగాలో దీన్ని తెచ్చి ఇక్కడ నాటారు. 2025లో పీకి, పేరు మార్చి, ఢిల్లీలో నాటారు. నడిమధ్యన ఉన్న ఆరేళ్లే దాని 'ఆల్ టైమ్'. మా వీధి చివర జిరాక్స్ దుకాణం పద్దెనిమిదేళ్ల నుంచి నడుస్తోంది. దాని చరిత్రలో మహా ఆపరేటర్లు ఎవరని ఇప్పటిదాకా ఏ పేపరూ అడగలేదు.

ఆటగాళ్లను అనడం నా ఉద్దేశం కాదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 దగ్గర ఆగి పెనాల్టీల దాకా పోతే, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు. స్ట్రైకర్ ఒగ్బెచే ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టాడు. ఇద్దరికీ దండం పెట్టాల్సిందే. కాకపోతే కోవిడ్ వల్ల ఆ ఏడు లీగంతా గోవాలోనే జరిగింది. అంటే హైదరాబాద్ చాంపియన్ అయిన సీజన్లో హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా జరగలేదు. పెళ్లి గోవాలో, కాపురం ఢిల్లీలో, వంశవృక్షం మాత్రం మా ఊరి పేరు మీద.

"బాబూ, నేను హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి రాస్తాను" అన్నాను.

"పోలీసులా? ఏ కేసు సార్?"

కేసు ఏమిటంటే, ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా. ఐదేళ్లు ఒకే ఇంట్లో అదే సొత్తు పోతే ఎవరైనా పోలీసులకు ఫిర్యాదు చేస్తారు. ఎత్తుకుపోయింది పోలీసులే అయినప్పుడు బొంబాయి వాళ్లు ఎవరికి చెప్పుకుంటారు?

సబ్‌ఎడిటర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఒక పట్టిక పంపాడు. ర్యాంకులు ఊరికే ఇవ్వకూడదట, 'శాస్త్రీయంగా' ఇవ్వాలట. గోల్స్‌కు 40 మార్కులు. కప్పులకు 20. అవార్డులకు 10. అభిమానుల ఓట్లకు 30. ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్నాను.

మొదటి పేరు పీటర్ తంగరాజ్. హైదరాబాద్‌లో పుట్టినవాడు. 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్లినవాడు, 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో గోలు కాసినవాడు, 1958లో ఆసియాలోకెల్లా మేటి గోల్‌కీపర్ అని పేరు మోసినవాడు. గోల్స్ గడిలో ఎంత వేయాలి? సున్నా. గోలు పడకుండా చూడటమే ఆయన కొలువు. నిప్పంటుకోకుండా కాపలా కాసినవాణ్ని, నువ్వెన్ని ఇళ్లు తగలబెట్టావని అడిగి మార్కులేస్తారట. అభిమానుల ఓట్ల గడి ఇంకా గొప్పది. తంగరాజ్ చేతుల్ని కళ్లారా చూసినవాళ్లు మిగిలింది కొద్దిమంది. ఆ కొద్దిమందికీ ఫోన్లో ఓటు ఎక్కడ నొక్కాలో తెలియదు.

రెండో పేరు దగ్గరే బండి ఆగిపోయింది. ఎందుకంటే ఆ పోలీసు జట్టును ఆ జట్టుగా చేసిన మనిషికి పట్టికలో గడే లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. 1950 నుంచి 1963లో పోయేదాకా పోలీసు జట్టుకు గురువు, దేశం జట్టుకూ గురువు. 1951 ఢిల్లీ ఏషియాడ్ బంగారం, 1962 జకార్తా ఏషియాడ్ బంగారం, నడుమ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోవే. పట్టిక ప్రకారం ఆయన కొట్టిన గోల్స్ ఎన్ని? ఓట్లెన్ని? బడిలో పిల్లలకు మార్కులేసి బతికిన మనిషికి మేము మార్కులు వేయలేకపోయాం.

ఆ సాయంత్రం ఇరానీ హోటల్‌కు పోయాను. మా అక్క కొడుకు వెంటపడ్డాడు. వాడికి ఇంజినీరింగ్ మూడో ఏడు, దానికన్నా సీరియస్‌గా రీల్స్. "మామా, ముసలాయన్ని పట్టుకుంటే కంటెంట్ దొరుకుతది" అన్నాడు. ముసలాయన అంటే ఎనభై దాటిన ఒక మాజీ హెడ్ కానిస్టేబుల్. రోజూ నాలుగున్నరకు వచ్చి గోడ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. ఆయన కుర్రతనంలో ఫతే మైదాన్‌లో పోలీసుల ఆట చూసిన మనిషి. దాన్ని లాల్ బహదూర్ స్టేడియం అంటే ఆయనకు ఇప్పటికీ దారి తెలియదు.

మావాడు ఫోను ఎత్తిపట్టి నేరుగా అడిగేశాడు. "తాతా, మీ లెక్కల నంబర్ వన్ ర్యాంకు ఎవరికి?"

"ర్యాంకా? నాది హెడ్ కానిస్టేబుల్ల రిటైర్మెంట్ బేటా. నిజంగైతే ఎస్సై రావాలె. ఫైల్ ఆడనే ఆగింది."

"అది కాదు తాతా, ప్లేయర్స్ ర్యాంకు."

"వాళ్లదీ గంతే. సగం మంది కానిస్టేబుళ్లే."

మావాడు నా వైపు చూశాడు. నేను చాయ్ వైపు చూశాను. పెద్దాయన బల్ల మీది సామాన్లు జరపడం మొదలుపెట్టారు. నీళ్ల సీసా గోడకు ఆనించి, "గిది తంగరాజ్" అన్నారు. తంగరాజ్ పోలీసు జట్టువాడు కాదు, సర్వీసెస్‌కు ఆడాడు అని నేను గొణిగాను. "పుట్టింది ఈడనే గదా, కూసోనీ" అన్నారు. దాని ముందు నా సాసర్, అది అజీజ్. కొంచెం పక్కకు ఆయన సాసర్, అది నూర్ మహమ్మద్. చక్కెర డబ్బా జుల్ఫికర్. ఎడమ అంచున ఎవర్ని పెట్టాలా అని వెతికి, మావాడి చేతిలోంచి ఫోను లాక్కుని బోర్లా పెట్టి, "గిది బలరాం" అన్నారు. దాంతో రికార్డింగ్ ఆగిపోయింది. ఆ తర్వాత జరిగిందానికి సాక్ష్యం నేనూ, మావాడూ, హోటల్ పిల్లాడూ మాత్రమే.

ఉస్మానియా బిస్కెట్ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అది బాల్. అజీజ్ దగ్గర్నుంచి నూర్‌కు, నూర్ తాకీ తాకకముందే జుల్ఫికర్‌కు, అక్కణ్నుంచి బలరాంకు. ఆయన వేలు బిస్కెట్ మీద ఎక్కడా నిలబడలేదు. "ఒక్కటే టచ్. రెండోసారి తాకినవంటే రహీం సాబ్ విజిల్." ఆ మాట కథ కోసం చెప్పింది కాదు. రహీం సాబ్ డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతు మీద టోర్నమెంట్లే పెట్టించాడు. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని ఇంకో రకం టోర్నమెంట్లు పెట్టించాడు. బంతిని కాళ్ల దగ్గర దాచుకుని నలుగుర్ని తప్పించి శభాష్ అనిపించుకోవడం ఆయన బడిలో తప్పు. పక్కవాడికి ఇచ్చేసి ఖాళీ జాగాలోకి పరిగెత్తడం ఒప్పు. ఆయన దగ్గర కుర్రాళ్లకు మొదట వదిలించేది 'నేను' అన్న జబ్బు. ఆ మందు మింగి బాగైనవాళ్లను ఇప్పుడు నేను లైన్లో నిలబెట్టి, మీలో 'నేను' ఎవరయ్యా అని అడగాలి. శుక్రవారం ఐదింటికల్లా.

"మరి గోల్ ఎవరు కొట్టిన్రు తాతా?" మావాడు వదలడం లేదు.

పెద్దాయన బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి నోట్లో వేసుకున్నారు. "అయిపోయింది" అన్నారు.

మావాడి రీల్ రాలేదు. వాడికి కంటెంట్ అంటే ఎవడో ఒకడు పైకెక్కి నిలబడాలి, ఇంకొకడు కింద పడాలి. బల్ల మీద సామాన్ల చుట్టూ బిస్కెట్ పొడి సమానంగా పడి ఉంది. దాన్ని హోటల్ పిల్లాడు గుడ్డతో ఒక్క తుడుపు తుడిచేశాడు.

ఇక కలకత్తా సంగతి. హైదరాబాద్ ఆటగాళ్ల గొప్పతనం తెలుసుకోవాలంటే బెంగాలీవాణ్ని అడగాలి. ఇది సిగ్గుపడాల్సిన విషయం, కాని మాకు అలవాటైపోయింది. మామిడిపండ్లు మనవి, బుట్టలు వాళ్లవి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తుళసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో పలకడం అక్కడివాళ్లకు అలవాటు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనం 1-2తో ఓడితే ఆ ఒక్కటీ బలరాం కొట్టిందే. పెరూ మీద కూడా ఆయనదే గోలు. జబ్బు చేసి ముప్పై నిండకముందే ఆట మానేశాడు. మిగతా జీవితం హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో గడిపి 2023 ఫిబ్రవరి 16న పోయాడు.

ఇప్పుడు అవార్డుల గడికి రండి. పీకేకు పద్మశ్రీ ఉంది. చునీకి పద్మశ్రీ ఉంది. బలరాంకు అర్జున ఇచ్చి అక్కడితో ఆపేశారు, పద్మ రానే లేదు. సబ్‌ఎడిటర్ పట్టికలో పద్మకు పది మార్కులు, అర్జునకు నాలుగు. అంటే ఢిల్లీలో ఎవరో గుమస్తా ఎప్పుడో ముందుకు జరపని కాగితం, ఇవాళ హైదరాబాద్‌లో నా బల్ల మీద ఆరు మార్కుల తేడాగా వచ్చి కూర్చుంది. శాస్త్రీయమంటే ఇదేనేమో. ఒకడు చేసిన తప్పును ఇంకొకడు దశాంశ స్థానాల దాకా లెక్కగట్టడం.

మహమ్మద్ హబీబ్‌ది ఇంకో తీరు. కలకత్తా మైదానాలు 'బడే మియా' అని పిలుచుకున్న మనిషి. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే వచ్చిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో నిలబడితే, బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ఆయన తమ్ముడు అక్బర్ అంతకు ముందు ఏడు ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లలో గోలు కొట్టాడు. 17 సెకన్లలో మన స్టేడియంలో సీటు దుమ్ము కూడా దులుపుకోలేం. హబీబ్ 2023 ఆగస్టు 15న పోయాడు. ఆ రోజు పేపర్లకు జెండాల ఫొటోలకే జాగా చాలదు. పోవడానికి కూడా తేదీ చూసుకోవాలని ఆయనకు తెలియలేదు. ఎదురుగా పెలే ఉంటే ఏం చేయాలో మాత్రం తెలుసు.

చచ్చిన బర్రె కుండెడు పాలిచ్చేదన్నట్టు, మన దగ్గర ఆటగాడి ర్యాంకు పెరగాలంటే మొదట ఆయన పోవాలి. బతికున్నన్నాళ్లూ ఆయన పేరు ఎక్కడా తగలదు. పోయిన రోజు 'దిగ్గజం'. మర్నాడు 'భారత ఫుట్‌బాల్ శిఖరం'. మూడో రోజు సంతాప సభ, ఆయన పేరున స్టేడియం కట్టాలని తీర్మానం. నాలుగో రోజు తీర్మానం రాసిన కాగితంలో మిర్చి బజ్జీ. ఉన్న స్టేడియానికి పేరు పెట్టమంటే కుదరదు, దానికి ఇంకొకరి పేరు ఉంటుంది. లేని స్టేడియానికైతే ఎంత పెద్ద పేరైనా సరిపోతుంది.

ఊరి తలకాయ నొప్పి చాలదన్నట్టు రాష్ట్రాల తలనొప్పి కూడా ఉంది. సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాద్ పేరుతో గెలిచాం. 1965-66లో గెలిచినప్పుడు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్. ఈ మూడో కప్పు ఇప్పుడు ఎవరిది? విభజన చట్టంలో సంస్థలకు షెడ్యూళ్లున్నాయి, కరెంటుకు లెక్కుంది, అప్పులకు 58.32, 41.68 అని జనాభా నిష్పత్తి ఉంది. కప్పు ఊసు లేదు. నిష్పత్తి ప్రకారం కోస్తే చెవులు ఒక రాష్ట్రానికి, అడుగు పీట ఇంకో రాష్ట్రానికి పోవాలి. విచిత్రమేమిటంటే దీని మీద ఇంతవరకూ ఏ పార్టీ కొట్లాడలేదు. నీళ్ల మీద, నిధుల మీద, ఆఖరికి బిర్యానీ మీద కూడా యుద్ధాలైన చోట ఒక ఫుట్‌బాల్ కప్పును ఎవరూ మాదంటే మాదనలేదు. అనాథగా మిగలడంలో దానికి మొదటి ర్యాంకు ఇవ్వొచ్చు.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మా గచ్చిబౌలిలోనే జరిగింది. బెంగాల్, కేరళ ఆడాయి. బెంగాల్ 1-0తో గెలిచి 33వ సారి కప్పు పట్టుకుపోయింది. మా ఊరి వాటా? గ్రౌండు మాది, గడ్డి మాది. ఆ రాత్రి ఊరు ఊరంతా కొత్త సంవత్సరం కేకుల లైన్లో ఉంది. అక్కడ క్యూలో నా ముందున్నాయన గర్వంగా, "మన హైదరాబాద్ ఒకప్పుడు ఫుట్‌బాల్ రాజధాని తెలుసా" అన్నాడు. ఫైనల్ ఇవాళే, ఇక్కడే అని చెప్పాను. "అవునా? ఏ చానల్లో?" అన్నాడు.

నేనేం తక్కువ తిన్నానా, నేనూ పోలేదు. నాకు పైనాపిల్ కేకు కావాలి.

మా తరానికి రహీం సాబ్ పేరు నిజానికి తెలిసింది 2024 ఏప్రిల్‌లో, 'మైదాన్' సినిమా వచ్చాక. అంతకు ముందు మా అపార్ట్‌మెంట్లో ఆయన పేరు ఎవరి నోటా వినలేదు. సినిమా ఓటీటీలోకి రాగానే ముగ్గురు ఫుట్‌బాల్ చరిత్రకారులు వెలిశారు. ఒకాయన పార్కింగ్ దగ్గర నన్నాపి, 4-2-4 పద్ధతిని బ్రెజిల్‌కన్నా ముందే మనవాళ్లు కనిపెట్టారని అరగంట చెప్పాడు. నాలుగూ రెండూ నాలుగూ కలిపితే పదేగా, పదకొండోవాడు ఎవరని అడిగాను. ఆలోచించి రేపు చెబుతానన్నాడు. తంగరాజ్‌కు సున్నా వేసిన పట్టికే నయం. అది కనీసం గోల్‌కీపర్ ఉన్నాడని ఒప్పుకుంది.

శుక్రవారం వచ్చింది. ఐదయింది. నేను వరస పెట్టలేకపోయాను. అజీజ్ పైన నూర్‌ను రాస్తే అజీజ్ ఇచ్చిన పాస్ నా కళ్లల్లో పడుతుంది. బలరాంను మొదట రాద్దామంటే నయీముద్దీన్ నిలదీస్తాడు. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో భారత జట్టు కెప్టెన్‌గా కంచు తెచ్చిన డిఫెండర్ ఆయన, దాటిపోవడం అంత సులువు కాదు. యూసుఫ్ ఖాన్‌ను ఎక్కడ పెట్టాలి? రోమ్‌లోనూ జకార్తాలోనూ ఆడినవాడు. చివరికి పదకొండు పేర్లు రాసి, ఎవరి ముందూ అంకె వేయకుండా, మైదానంలో నిలబడ్డట్టు కాగితం మీద అక్కడక్కడ పేర్చి, గీత బయట రహీం అని రాసి పంపాను.

ఐదుంబావుకు ఫోను. "సార్, నంబర్లు పడలేదు. ఫార్మాట్ మిస్సయినట్టుంది."

"అదే ఫార్మాట్ బాబూ."

"పదకొండు మంది ఉన్నారు సార్. హెడ్డింగ్‌లో టాప్ టెన్ అని పెట్టేశాం."

"ఎవర్ని తీసేద్దాం?"

"మాకు వదిలేయండి సార్. ఫొటో దొరకనివాళ్లను తీసేస్తాం."

ఆదివారం పేపరు తీసుకుని ఇరానీ హోటల్‌కు పోయాను. పదకొండు మందిలో నలుగురు మిగిలారు. ఒకటో నంబర్ కింద రహీం సాబ్ పేరు వేశారు. పర్వాలేదు, గీత బయటివాణ్ని లోపలికి తెచ్చారు. పేరు పక్కన పావు పేజీ ఫొటో, రంగుల్లో, సినిమాలో రహీం వేషం కట్టిన నటుడిది. దీని మీద ఫోన్ చేస్తే, "పాత ఫొటోలు మసగ్గా ఉన్నాయి సార్, ఇది క్వాలిటీ బాగుంది" అన్నాడు సబ్‌ఎడిటర్. మిగిలిన జాగాలో పోయిన వారం బిర్యానీ ర్యాంకులకు పాఠకుల స్పందన వేశారు. రెండో ర్యాంకు హోటల్ అభిమానులు మండిపడుతున్నారు.

పెద్దాయన పేపరు నా చేతిలోంచి తీసుకుని, కళ్లద్దాలు తెచ్చుకోలేదేమో, చేతులు బారచాపి దూరం పెట్టి చూశారు. రంగుల ఫొటో మీద చాలాసేపు చూపు నిలిపారు.

"మనిషి గట్టిగున్నడు" అన్నారు. "ఏ పొజిషన్ల ఆడేటోడు?"